అద్దం పెంకు కింది గది

పోయిన నెల ఒక ఉదయం మా అక్క కూతురు నా ఫోనుకు ఒక వీడియో పంపింది. గోడలు పగలగొట్టకుండా, మేస్త్రీని పిలవకుండా, కొద్దిపాటి ఖర్చుతో పాత గదిని కొత్తగా మార్చుకోవడం ఎలాగో అందులో ఒక అమ్మాయి నవ్వుతూ చెబుతోంది. మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపింది, కిటికీకి లేతరంగు తెర కట్టింది, దానికి ఎదురుగా ఒక అద్దం తగిలించింది, గోడకు రంగు వేసింది, అంతే, గది మారిపోయింది. వీడియో కింద మా అక్క కూతురు తమిళంలో రాసింది, అమ్మ గదిని కూడా ఇలాగే చేద్దాం చిన్నమ్మా, ఆడికృత్తిక పండగ లోపల అయిపోతే కొండ మీది గుడికి వచ్చేవాళ్లకు అద్దెకివ్వొచ్చు, ఊరికే మూసిపెట్టుకుంటే ఏం లాభం అని.

ఆమె తప్పుగా ఏమీ రాయలేదు. అక్క పోయి ఏడాది దాటింది. గది మూసే ఉంది. మా వీధిలో సగం ఇళ్లు ఇప్పుడు యాత్రికుల గదులే. కానీ ఆ వీడియోను నేను రెండోసారి చూడలేకపోయాను, ఎందుకంటే అందులో నాకు కొత్తది ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి చేసినవన్నీ నలభై ఏళ్లకు ముందే మా అక్క అదే గదికి చేయించింది. ఈ అమ్మాయికి ఆయాసం లేదు, నవ్వుతూ చేసింది, తేడా అంతే.

మా ఇల్లు తిరుత్తణిలో, కొండ మెట్లకు పోయే దారికి పక్క వీధిలో. ముందు తిన్నె, తలవాకిలి దాటితే నడిమిల్లు, దానికి ఎడమ పక్కన ఒక గది, వెనక వంటిల్లు, పెరడు, పైన పెంకులు. ఎడమ పక్క గదిని మేము బొగ్గు గది అనేవాళ్లం. మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, వానలకు ముందే చవకగా బొగ్గు కొనించి మూటలు మూటలుగా అందులో వేయించేది. వాటితోబాటు వేరుశనక్కాయల గోనెలు, కాలు విరిగిన నాగలి, ఎవరూ పారేయడానికి ఒప్పుకోని ఒక పాత ఊయల బల్ల. ఒక చిన్న కిటికీ ఉండేది గానీ అది పక్కింటి గోడ మీదికి తెరుచుకునేది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో వస్తువులను చేత్తో తడిమి తీసుకోవలసిందే.

అక్కను గుమ్మిడిపూండికి ఇచ్చాం. అక్కడ ఫ్యాక్టరీలు ఒకటొకటిగా లేస్తున్న రోజులవి, బావకు వాటిలో ఒకదానిలో ఉద్యోగం. మా నాయన బియ్యపు మిల్లులో సూపర్‌వైజరు, నెల జీతం విలువ తెలిసిన మనిషి, అందుకని ఆ సంబంధం ఆయనకు నచ్చింది. అక్కకు ఒక ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ పుట్టాక అక్కకు ఆయాసం మొదలైంది. అది ఫ్యాక్టరీల పొగ వల్లనో, ఆ ఇంట్లో పొయ్యి ముందు గడిపిన గంటల వల్లనో, పుట్టుకతో లోపల ఉన్నదేనో, ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. బిడ్డకు నాలుగో ఏడు నడుస్తుండగా బావ, వాళ్లమ్మ కలిసి అక్కను తెచ్చి మా ఇంట్లో దిగబెట్టారు, ఊపిరి కుదిరేదాకా ఉండనీ అని. బిడ్డను మాత్రం తీసుకురాలేదు.

నడిమింట్లో నాయన, అవ్వ పడుకునేవాళ్లు. వంటింటి పక్క వరండాలో అమ్మ, నేను. కాబట్టి అక్కకు మిగిలింది బొగ్గు గదే. దాన్ని బావ వాళ్లమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూసింది.

“ఈ బొగ్గులో నా మనవరాల్ని పండబెడతారా? తల్లికి ఉండేది చాలదని దానికీ ఆయాసం అంటించేదానికా?”

అవ్వకు కోపం వచ్చింది గానీ వియ్యపురాలితో ఏమంటుంది. బావే మధ్యలో పడి, మెత్తగా, అందరూ వినేట్టుగా అన్నాడు, “గది బాగు చేయండి మామా. గాలీ ఎలుతురూ ఉంటే చాలు. నేనే బిడ్డను పిలుచుకొచ్చి ఇడిసిపెడతా. వానలు నిలిచినాక ఇద్దర్నీ పిలుచుకుపోతా.”

ఆ మాట అక్క పట్టుకుంది. గది బాగైతే బిడ్డ వస్తుంది, వానలు నిలిచాక ఇద్దరూ వాళ్లింటికి పోతారు. అంతకన్నా పెద్ద ఆశ ఆమెకు లేదు, అంతకన్నా చిన్న ఆశ పెట్టుకునేవాళ్లను నేను చూడలేదు.

గోడ కొట్టి కిటికీ పెద్దది చేయడం, నేలకు కొత్త సిమెంటు పోయడం మా తాహతుకు మించిన మాటలు. ఎంత మించినవో చెప్పడం అనవసరం, నా ఈడువాళ్లకు తెలుసు. అప్పట్లో ఇల్లు బాగు చేయడమంటే ఉన్నదాన్ని కడిగి, తోమి, జరిపి, కుట్టి పెట్టుకోవడమే. నేను అప్పుడే తిరువళ్లూరులో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, రోజూ రైల్లో పోయి వస్తున్నాను. ఆదివారాలు మాత్రమే పనికి దొరికేదాన్ని. మిగిలిన రోజుల పని అమ్మది, నాయనది.

బొగ్గు తీసేటప్పుడు లేచే దుమ్ము అక్కకు పడదని ఆమెను తిన్నె మీద కూర్చోబెట్టాం. ఆమె అక్కడి నుంచే, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, ఆ మూట పెరట్లోకి, ఈ గోనె వరండాకు అని ఆజ్ఞలు ఇచ్చేది. మా అమ్మ నల్లబడిన చేతులతో బయటికి వచ్చి, “కూర్చున్న తావునుంచే కలెక్టరు పని చేస్తా ఉండావు గదమే” అంటే, “కలెక్టర్లంతా కూర్చునే చేస్తారమ్మా, నాకొక బిల్లబంట్రోతు దొరికినాడు, అదే చాలు” అంది నాయనను చూపించి. నాయన తలకు తువాలు చుట్టుకుని మూట మోస్తున్నాడు. నవ్వాడు. మా ఇంట్లో నాయన నవ్వడం తక్కువ, అందుకే గుర్తుంది.

సున్నం నాయన తెచ్చాడు. గుల్ల సున్నం, పులికాటు వైపు నుంచి బండ్ల మీద వచ్చేది. పెరట్లో పాత కుండలో వేసి నీళ్లు పోస్తే అది బుసబుసమని ఉడికేది, ఆ వేడి మొహానికి కొట్టేది. చల్లారాక వడగట్టి, గంజి, తుమ్మబంక, ఉప్పు, బట్టలకు మడేలు వాడే నీలిమందు ఇంత కలిపాడు. కుంచె కొనలేదు, తాటిమట్ట చివర రాతి మీద నలగ్గొట్టి చేసుకున్నాడు. మొదటి పూత ఆరాక అక్క లోపలికి వచ్చి గోడకు అరచెయ్యి రుద్ది చూసుకుంది. చెయ్యి తెల్లగా అయింది. అది కుదరదంది. బిడ్డ గోడకానుకుంటే గౌనుకు అంటుకోకూడదు, గోడ గోకి నోట్లో పెట్టుకునే అలవాటు కూడా ఉంది దానికి. నాయన బంక ఎక్కువ వేసి మళ్లీ పూశాడు. అక్క మళ్లీ రుద్దింది. మూడో పూతకు ఆమె అరచెయ్యి శుభ్రంగా వచ్చింది. ఆ చేతిని ఆమె మా అందరికీ తిప్పి చూపించింది.

గోడ అడుగున కావి పట్టె వేయడం మా ఇళ్లలో మామూలే, చీపురు తగిలి, కాళ్లు తగిలి మాసిపోకుండా. మామూలుగా జానెడు వేస్తారు. అమ్మ కావి కలుపుకుని వచ్చి, బిడ్డ తల నూనె గోడకు అంటుతుందేమో, ఎంతెత్తు ఉందిమే ఇప్పుడు అని అడిగింది. అక్క లేచి నిలబడి, చెయ్యి గాల్లో చాపి, కొంచెం దించి, మళ్లీ కొంచెం ఎత్తి, ఇంతుంటుంది అంది. అమ్మ ఆ ఎత్తున బొగ్గుతో గీత గీసి, నాలుగు గోడలకూ అంతమేరా కావి పూసింది. చూసినవాళ్లకు అది విచిత్రంగా కనిపించేది, గది నడుము దాకా ఎర్రగా, పైన తెల్లగా. మాకు మాత్రం ఆ ఎత్తు ఎవరిదో తెలుసు.

నేల ఎర్ర సిమెంటుదే, బొగ్గు కింద ఉండి నల్లబడిపోయింది. కొండ కింద ఊళ్లో మాకు కొరత లేనివి కొబ్బరి చిప్పలు. కొబ్బరి కోరి పాలు పిండాక మిగిలిన పిప్పిని గుడ్డలో మూటకట్టి, ఆ మూటతో నేలను రుద్దితే ఎరుపు బయటికి వచ్చేది. అది అమ్మా నేనూ రెండు ఆదివారాలు చేశాం. కిటికీకి అమ్మ పాత వాయిలు చీర చింపి తెర కుట్టాను. రసం అక్కడక్కడా రాలిన ఒక నిలువుటద్దం నడిమింట్లో ఉండేది, దాన్ని కిటికీ ఎదుటి గోడకు మార్చాం. దుకాణాల్లో కర్పూరం వచ్చే దేవదారు పెట్టెలు రెండు అడిగి తెచ్చి, గోడకు బిగించి, అలమరా అన్నాం. ఇంత చేసినా గది చీకటిగానే ఉంది. శుభ్రమైన చీకటి.

అప్పుడు అక్కే చెప్పింది, కప్పుకు ఒక అద్దం పెంకు వేస్తే చాలు అని. గుమ్మిడిపూండిలో పక్కింట్లో చూసిందట. మట్టి పెంకు ఒకటి తీసి అదే అచ్చులో పోసిన గాజు పెంకు పెడతారు. తిరువళ్లూరులో స్టేషనుకు దగ్గర్లోనే పెంకుల మండీ ఉండేది. ఒక సాయంత్రం ఆఫీసు వదిలాక పోయి ఒక పెంకు కొన్నాను. బరువుగా, పచ్చటి గాజుతో, లోపల గాలిబుడగలతో ఉంది. పాత చీరలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అరక్కోణం దాకా జనం తొక్కిసలాట, ఎవరి మోచెయ్యి తగిలినా నా ప్రాణం పోయేది. ఎదురు సీట్లో పూలు అమ్ముకునే ముసలామె చాలాసేపు చూసి, బిడ్డా అది అని అడిగింది. కాదు, పెంకు అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది. “ఏం తల్లీ, ఇల్లు ఒక్కసారిగా కట్టలేక రోజుకొక పెంకు తీసకపోతా ఉండావా?” అంది. రైలు పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దిగేటప్పుడు ఆమే జనాన్ని పక్కకు నెట్టి నాకు దారి చేసింది.

మరుసటి ఆదివారం నాయన నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఒక పెంకు జరగగానే లోపల దుమ్ము రాలింది, ఆకాశం ఒక ముక్క కనిపించింది. తర్వాత గాజు పెంకు కూర్చుంది. నేల మీద, మంచం పక్కన, ఒక పలక పరిమాణంలో వెలుగు పడింది. చదివిన పుస్తకాల్లో ఇలాంటి చోట ఏదో ఒక పోలిక వస్తుంది. నాకు పోలికల మీద నమ్మకం లేదు. వెలుగు పడింది. అక్క దానిలో కాలు పెట్టి చూసుకుంది. తర్వాత ఒక పక్కకు కూర్చుని, ఆ వెలుగు పొద్దు వాటారేదాకా నేల మీద ఎలా జరిగి పోతుందో చూసింది, బిడ్డ చాప ఎక్కడ పరిస్తే మధ్యాహ్నం నిద్రలో మొహం మీద ఎండ పడదో తెలుసుకోవాలని.

చాప లెక్క దగ్గరే పెట్టె సంగతి వచ్చింది.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. పెళ్లయిన ఆడబిడ్డ పుట్టింటికి వస్తే ఆమె పెట్టెను లోపలి గదుల్లో సర్దరు. తలవాకిలి పక్కన, రెండు ఇటుకల మీద పెడతారు. కావలసిన చీర రోజూ అక్కడే తీసుకుని మళ్లీ మూత వేయాలి. ఆ పెట్టె మళ్లీ బండెక్కవలసింది, అది ఇంట్లో కలిసిపోకూడదు అని దాని అర్థం. అక్క ట్రంకు పెట్టె అలాగే ఇటుకల మీద ఉంది. కానీ ఆయాసం మనిషి చీర కోసమూ మందు కోసమూ పూటకోసారి తలవాకిలికి నడవడం అమ్మ చూడలేకపోయింది. పెట్టెను గదిలోకి చేర్చింది. చేరిస్తే అది సరిగ్గా బిడ్డ చాప పరవవలసిన చోటు ఆక్రమించింది. అక్కే అంది, బట్టలు దేవదారు పెట్టెల్లో పెట్టేసి ట్రంకును అటక ఎక్కించేద్దాం అని.

అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. “ఒద్దమ్మే. అటక ఎక్కిన పెట్టె బండెక్కదు. నా మాట ఇనండి.”

“పెట్టెకు కాళ్లుండాయా అవ్వా, దానంతట అది ఎక్కేదానికి? నేను ఎక్కేటప్పుడు దాన్నీ ఎక్కిస్తా” అంది అక్క.

నాయన పెట్టెను అటక ఎక్కించాడు. బిడ్డ చాపకు చోటు దొరికింది. మా అవ్వ ఆ పూట అన్నం తినలేదు.

బావకు గది సిద్ధమైందని కార్డు రాశాం. తర్వాతి ఆదివారం వస్తానని జవాబు వచ్చింది. అక్క ఆ వారమంతా దగ్గు లేకుండా ఉంది, లేదా ఉన్నట్టు కనిపించింది. ఆదివారం ఉదయం తల స్నానం చేసి, చిన్న చాప పరిచి, మళ్లీ చుట్టి గోడకు ఆనించి పెట్టింది. బిడ్డే పరుచుకోవాలట. గుమ్మిడిపూండి నుంచి మద్రాసుకు వచ్చి, బండి మారి రావాలి. మధ్యాహ్నం దాటాక బావ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చేతిలో ఆరెంజి పళ్ల సంచి ఉంది.

బిడ్డేది అని అమ్మ అడిగింది. ముందు నేను చూసి పోదామని వొచ్చినానత్తా, అన్నాడు.

చూశాడు. చాలా శ్రద్ధగా చూశాడు. అతను అంత శ్రద్ధగా చూడడం అదే మొదటిసారి, నాకు ఇప్పటికీ మరపు రాదు. తెర పక్కకు జరిపాడు, అద్దంలో మొహం చూసుకున్నాడు, దేవదారు పెట్టెలు కదులుతాయేమో అని ఊపి చూశాడు. గోడకు అరచెయ్యి రుద్ది, వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. తలెత్తి అద్దం పెంకు చూశాడు, ఆ పక్కనే అటక మీద ఉన్న ట్రంకు పెట్టెనూ చూశాడు. చూసి, మంచం మీద కూర్చున్నాడు. ఆ వేళకు వెలుగు మంచం దాకా జరిగి ఉంది, సరిగ్గా అతని ఒళ్లో పడింది.

భోజనమయ్యాక నాయనతో అన్నాడు, “శానా బాగా చేసినారు మామా. మా ఇంట్లో కూడా ఇంత వసతి లేదు. ఆ పొగలోకి మళ్లా ఈమెను పిలుచుకుపోతే పాపం గదా. ఇంగ ఈడ ఉంటేనే ఈమెకు మేలు. పెట్టె గూడా సర్దేసుకునింది.”

నాయన, “బిడ్డ?” అన్నాడు.

“బిడ్డను ఆడ స్కూల్లో ఏసేసినాము మామా. మా అమ్మకు అలవాటు పడిపోయింది. ఆడికృత్తికకు పిలుచుకొస్తా, కొండకూ వొచ్చినట్టుంటుంది.”

అక్క వంటింటి గుమ్మం దగ్గర మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. అక్క నోటికి ఎప్పుడూ జవాబు కరువు లేదు. “ఇంత మేలైన చోటైతే మీరూ ఈడికే వొచ్చేయండి. మంచం గట్టిదే, కూర్చోని చూసినారు గదా” అంది. అతను నవ్వాడు. పరిహాసం అనుకున్నట్టు నవ్వాడు. ఎవరూ గొంతు పెంచలేదు. తగాదా అని చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. అతను చెప్పిన ప్రతి మాటా ఆమె మంచి కోరే మాటే. ఆ మంచితనాన్ని ఎక్కడ పట్టుకుని తిట్టాలో మాకు తెలియలేదు. సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. పళ్ల సంచి మంచం మీదే ఉంది.

అతను వీధి మలుపు తిరిగాక అవ్వ అంది, “పొయ్యి మసి తెచ్చి గోడలకు పూయండే. గది చెడిపోయిందని చెప్తే అప్పుడన్నా పిలుచుకుపోతాడేమో.”

అమ్మ ఏడ్చింది. అక్క ఏడవలేదు. గోడకు ఆనించిన చిన్న చాపను తీసి మంచం కిందికి తోసింది. నాయన పెరట్లోకి పోయి, ఎప్పుడో ఆరిపోయి గట్టిపడిన తాటిమట్ట కుంచెను నీళ్లలో వేసి కడుగుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ కుంచెతో ఇంకేం పని లేదు.

అవ్వ చనిపోయేదాకా ఆ తప్పును పెట్టె మీదే పెట్టింది. అటక ఎక్కించకుండా ఉంటే ఇలా జరిగేది కాదంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. తప్పు పెట్టెదైతే మాకు ఎంత సులువుగా ఉండేదో. దించి పెట్టేస్తే సరిపోయేది. అతనికి ఒక సాకు కావలసి వచ్చింది, మేము దానికి మూడు పూతలు సున్నం వేసి, నీలిమందు కలిపి, అద్దం పెంకుతో వెలుగు కూడా పెట్టి అందించాం. గది చీకటిగా ఉన్నన్నాళ్లూ అక్క అక్కడికి చుట్టం. బాగుపడిన రోజు నుంచి ఆ ఇంటి మనిషి. ఆ తర్వాత గుమ్మిడిపూండి ఇంట్లో వంటకని ఇంకొక ఆమె వచ్చిందని విన్నాం. పెళ్లి అని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. బావ పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లను అనకూడదంటారు. నేను అంటాను.

ఆరు నెలలయ్యాక ఒక రోజు అక్క నాయనను పిలిచి పెట్టె దించమంది. దించితే, తుడిచి, తనే ఈడ్చుకుంటూ తలవాకిలి దాకా తెచ్చి ఇటుకల మీద పెట్టించింది. బట్టలు మళ్లీ అందులోనే పెట్టుకుంది. అప్పటి నుంచి చీర కావాలంటే ఆయాసపడుతూ అక్కడికే నడిచేది. మేమెవరమూ వద్దనలేదు. ఆ గదికి మళ్లీ సున్నం వేయనివ్వలేదు. భోగికి ముందు నాయన ప్రతి ఏడూ అడిగేవాడు. “చాలు నాయనా, ఒకసారి బాగు చేసింది చాలు” అనేది. తెర చిరిగితే కుట్టలేదు. అద్దం పెంకు మీద పాచి పట్టి వెలుగు పచ్చగా, ఆ తర్వాత బూడిదరంగుగా మారింది. నాయన మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వని రోజులొచ్చాయి. ఎక్కమని ఎవరూ అడగలేదు.

బిడ్డను ఆడికృత్తికకు తెస్తానన్న మాట మీద బావ ఒక్కసారే నిలబడ్డాడు. అప్పటికి దానికి పదేళ్లుంటాయేమో. కావడి మొక్కు ఉండి, వాళ్ల వీధివాళ్లతో కలిసి వ్యానులో వచ్చారు. ఊరంతా జనం, మా వీధిలో ప్రతి తిన్నె మీదా పసుపు బట్టల మనుషులు. పిల్ల గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కావి పట్టె దాని నడుము దాకా వచ్చింది. అక్క ఆ పట్టెనే చూస్తోంది, మొహం చూడడం లేదు. పిల్లకు తెలుగు అర్థమయ్యేది గానీ నోట వచ్చేది కాదు. చుట్టూ చూసి, తండ్రిని తమిళంలో అడిగింది, “ఇంద రూముక్కు ఎవ్వళవు వాడగైప్పా?” ఈ గదికి అద్దె ఎంత నాన్నా, అని. పండగకు వచ్చినవాళ్లంతా మా వీధిలో గదులు అద్దెకు తీసుకోవడం అది చూసింది మరి. పిల్లది తప్పేముంది. వ్యానులో వచ్చింది, ఒక రాత్రి పడుకుని పోతుంది, అద్దె గది అనుకుంది. బావ, ఇది అమ్మ ఇల్లు, అద్దె లేదమ్మా అన్నాడు. అక్క మంచం కింద నుంచి చిన్న చాప తీసి దులిపి పరిచింది. పిల్ల పడుకుంటే కాళ్లు సగం నేల మీదికి వచ్చాయి.

తర్వాత ఆ పిల్ల పెద్దదై, తనంతట తాను వచ్చి పోవడం నేర్చుకున్నాక, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేది, మందులు తెచ్చేది, ఫోను కొనిచ్చింది. మంచిదే. కానీ వచ్చిన ప్రతిసారీ చుట్టంలాగే కూర్చునేది. అక్క కూడా చుట్టానికి చేసినట్టే చేసేది, మంచి గ్లాసులో కాఫీ, కొత్త దుప్పటి. నాలుగేళ్ల బిడ్డ కోసం దాచుకున్నదేదో ఆ గోడ మీద గీతగా ఉండిపోయింది. పెరిగిన మనిషికి దానిలోంచి తీసి ఇవ్వడం అక్కకు చేతకాలేదు. నాకు పెళ్లి కాలేదు, ఉద్యోగం తిరువళ్లూరు దాటలేదు. నాయన, అవ్వ, అమ్మ ఒకరి తర్వాత ఒకరు పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు గట్టిగా చదివితే ఆమె వినేది. కథలో ఎవరైనా ఇల్లు సర్దుకునే ఘట్టం వస్తే, అది దాటించి చదవమే అనేది.

వీడియోకు నేను జవాబు రాయలేదని మా అక్క కూతురు పోయిన ఆదివారం తనే కారులో వచ్చింది. నేను వద్దనలేదు. వద్దనడానికి కారణం చెప్పాలంటే ఇదంతా చెప్పాలి, ఆమె వయసు నలభై దాటింది, వాళ్ల నాన్న అంటే ఆమెకు ప్రాణం. రంగు డబ్బాలు తెచ్చింది. ఇప్పటి రంగు చేతికి అంటదు, ఎవరూ అరచెయ్యి రుద్ది చూసుకోనక్కర్లేదు. పనివాడు వచ్చి గోకుడు రేకుతో గోడ గీకాడు. పొట్టు పొట్టుగా సున్నం రాలింది, లోపల లేత నీలం, అడుగున కావి. ఇదేంటి చిన్నమ్మా ఇంత ఎత్తు ఎర్రరంగు అని ఆమె అడిగింది. చీపురు తగలకుండా వేస్తారు అన్నాను. పైన పెంకు కడిగించింది. కడగగానే మళ్లీ వెలుగు పడింది, అదే చోట.

సాయంత్రం బయలుదేరేటప్పుడు తలవాకిలి దగ్గర ఆగి, వచ్చీరాని తెలుగులో అంది, “అమ్మ పెట్టె నేను తీసకపోతాను చిన్నమ్మా. మా ఇంట్లో పెట్టుకుంటాను. ఈడ వచ్చేవాళ్లకు దారికి అడ్డం గదా.” డ్రైవరు ఒక పక్క, తను ఒక పక్క పట్టుకుని కారు వెనక ఎక్కించారు. ఆమె మా ఇల్లన్నది గుమ్మిడిపూండిలో అదే ఇల్లు, మీద ఇంకొక అంతస్తు లేచిందట. అక్క పెట్టె అత్తవారింటికి బయలుదేరింది. అటక ఎక్కిన పెట్టె బండెక్కదన్న అవ్వ మాట తప్పయింది, పెట్టె బండెక్కింది.

ఇప్పటి అమ్మాయిల పెట్టెలకు చక్రాలుంటాయి. ఇటుకల మీద పెట్టి ఎవరి దయ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, పోవాలనుకుంటే వాళ్లే లాక్కుని పోతారు. ఉండాలనుకున్న చోట గది బాగు చేసుకుంటారు, వద్దనుకుంటే ఖాళీ చేస్తారు. గది బాగుంటే ఫొటో తీసి నలుగురికీ పంపుతారు, నలుగురూ బాగుందంటారు, ఆ మాటకు ఎవరి బతుకూ అక్కడే ఆగిపోదు. మంచి మార్పే. మా ఇంటికి ఆలస్యంగా వచ్చింది. ఆడికృత్తికకు ఆ గదిలో ఎవరో దిగుతారు, బాగుందంటారు, తెల్లారి కొండ దిగి వాళ్ల ఊరికి వాళ్లు పోతారు.

తలవాకిలి పక్కన ఆ రెండు ఇటుకలు మాత్రం నేనింకా తీయలేదు.